గోడ దిక్కు ఆయనది

టీచరమ్మ పోయారని ఆమె కూతురు ఫోన్ చేసినప్పుడు నేను ఎర్రమంజిల్లో మా వంటగదిలో పప్పుకి తాలింపు వేస్తున్నాను. "అక్కా, అమ్మ పోయింది. రాత్రి ఈడనే ఉన్న, పొద్దుగాల లేపుదమని పోతే లేవలే," అంది. తర్వాత ముక్కు ఎగబీల్చి, "రేపు భూస్థాపన. నువ్వు జర ముందే రావాలె. నాయిన ఏ దిక్కున్నడో నాకూ నీకే ఎరుక," అంది. ఫోన్ పెట్టేసి చూస్తే తాలింపు మాడి ఇల్లంతా పొగ.

టీచరమ్మ మాకు చుట్టం కాదు. అమీర్‌పేటలో చాలా ఏళ్లు మేం అద్దెకున్న ఇల్లు ఆవిడది. బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. చర్చికి వెళ్లేవారు, సన్నంగా ఉండేవారు, తెల్ల వాయిల్ చీర కట్టేవారు, ఎవరైనా "ఆంటీ" అంటే పలికేవారు కాదు. నేను చూసేసరికే ఆవిడ కోరికలన్నీ ఒక్కదాని దగ్గరికి వచ్చి ఆగాయి. పోయాక భర్త పక్కన పడుకోవాలి. అంతే. ఇంత చిన్న కోరిక తీర్చుకోవడానికి ఆవిడ పడ్డ తంటాలు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మేం ఆ ఇంటికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. కొత్తగా పెళ్లయింది. మా ఆయన కంప్యూటర్ కోర్సు చేస్తానని రాజమండ్రి దగ్గర మా ఊరి నుంచి ఇక్కడికి బయల్దేరాడు, వెనకాల నేనూ. అప్పుడు అమీర్‌పేటలో గోడ కనిపిస్తే దాని మీద కోర్సు బోర్డే. ఆ బోర్డుల మధ్య సందులోంచి లోపలికి వెళ్తే, నాలుగు వైపులా మేడలు లేచి మధ్యలో ఒదిగిపోయిన పెంకుటిల్లు, పెద్ద పెరడు, జామచెట్టు. చెట్టు కింద ప్రహరీగోడని ఆనుకుని, సున్నం కొట్టిన అరుగు. ఆటోలో సామాను తేవడానికి మా ఆయన వెళ్లాడు. నాకు ఆకలేస్తోంది. ఆ అరుగు మీద కూర్చుని, అమ్మ కట్టిచ్చిన పులిహోర డబ్బా మూత తీశాను.

టీచరమ్మ మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు. "ఏం తింటున్నవ్ బిడ్డా?"

"పులిహోరండీ. మీరూ తీసుకోండి."

చిటికెడు నోట్లో వేసుకుని, "మస్తుగున్నది. మా సార్‌కు సుత పులిహోరంటే పాణం," అన్నారు.

"ఉంచమంటారా? సార్ ఎక్కడికెళ్లారండీ?"

"యాడికి పోతడు? నువ్వు కూసున్నవు గద, గా కిందనే ఉన్నడు."

నేను ఎగిరి గంతేశాను. డబ్బా బోర్లాపడి పులిహోరంతా నేలపాలు. ఆవిడ నవ్వుతూ నా చెయ్యి పట్టుకుని మళ్లీ అక్కడే కూర్చోబెట్టారు. "ఎందుకు లేస్తవ్? ఆయనేమనుకోడు. ఇంటికి మనుషులొస్తే సంబరపడేటోడు. చూడు, అడగకుండనే ఆయనకు పులిహోర పెట్టినవ్."

ఇంటి పెరట్లో సమాధి అని తెలిసి మా ఆయన వేరే ఇల్లు చూద్దామన్నాడు. చూశాం. అమీర్‌పేటలో అప్పట్లో ఉద్యోగం దొరికినా దొరుకుతుంది కానీ గాలి వచ్చే ఇల్లు దొరకదు. పైగా పెరడంతా వాడుకోమన్నారు టీచరమ్మ. సరే, కొన్నాళ్లుందాం అని పెట్టె దించిన వాళ్లం, ఇద్దరు పిల్లలు పుట్టి బడికి వెళ్లేదాకా అక్కడే ఉన్నాం. మా వంటగది కిటికీ తెరిస్తే ఎదురుగా సార్. కొన్నాళ్లకి నాకది సమాధిలా కనిపించడం మానేసింది. ఇంటి పెద్దాయన ఎండలో పడుకున్నట్టుండేది.

అసలాయన అక్కడ ఉండాల్సిన మనిషి కాదు. ఆయన పోయిన రోజున పట్నంలో కర్ఫ్యూ. రోడ్డు మీద పోలీసులు. చర్చి వాళ్ల స్మశానానికి తీసుకెళ్లే దారి లేదు, ఉంచే వీలూ లేదు. పక్కింటి వాళ్లు, గల్లీ చివర గ్యారేజీ నడిపే సాయిబు గారు, అందరూ కలిసి జామచెట్టు కింద తవ్వారట. పాస్టరుగారు గోడలు దూకి వచ్చి ప్రార్థన చేశారట. "కర్ఫ్యూ ఎత్తేసినంక తీస్కపోదమనుకున్నం," అనేవారు టీచరమ్మ. "ఎత్తేసిండ్రు. నాకే మనసొప్పలే. ఇంటి మనిషి ఇంట్లున్నడు, మళ్ల యాడికి పంపుత?"

పొద్దున్నే ఆవిడే ముందు లేచేవారు. కిరసనాయిలు స్టవ్ మీద టీ కాచుకుని, గ్లాసు పట్టుకుని, పొట్టి చెక్కపీట ఒకటి తెచ్చుకుని సమాధి ఇవతలి పక్కన కూర్చునేవారు. పేపరు తిరగేస్తూ ఆయనకి కబుర్లు చెప్పేవారు. సాఫ్ట్‌వేర్ గొప్పగా నడిచిన రోజులూ, ఒక్కసారిగా పడిపోయి మా ఆయనలాంటి వాళ్లు దిగాలుగా ఇంట్లో కూర్చున్న రోజులూ, అన్నీ ఆ సమాధికి ఎప్పటికప్పుడు తెలుసు. "సార్, మన గల్లీల ఇంకో ఇనిస్టిట్యూట్ తెరిచిండ్రు. గిన్ని కంప్యూటర్లు ఎవలు నడుపుతరో ఏమో" అనేవారు. సార్ బేగంపేట విమానాశ్రయంలో పనిచేశారట. చప్పుడు విని ఏ విమానమో చెప్పేవారట. అందుకని విమానం మా పెంకుల మీంచి గర్జించుకుంటూ వెళ్లినప్పుడల్లా ఆవిడ చేతిలో పని ఆపి సమాధి వంక చూసేవారు. వంకాయలు కోస్తున్నా సరే, చూసేవారు.

ఒకసారి భలే పని జరిగింది. ఇంటి ముందు గది ఆడపిల్లలకి అద్దెకిచ్చారు. మా ఆంధ్రా వైపు, గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి కోర్సుల కోసం వచ్చిన పిల్లలు. పెరట్లో "సార్" ఉన్నారని వాళ్ల చెవిన పడింది. ఏ సారో, ఏ చదువులు చదివారో, వీళ్లే ఊహించుకున్నారు. ఇంటర్వ్యూకి వెళ్లేముందు ఒకమ్మాయి దణ్ణం పెట్టుకుని వెళ్లింది, ఉద్యోగం వచ్చింది. ఇంకేం! చర్చి నుంచి టీచరమ్మ తిరిగి వచ్చేసరికి సమాధికి పసుపు, కుంకుమ, రెండు అరటిపళ్లు, వెలుగుతున్న అగరొత్తి. ఒక పిల్ల కొబ్బరికాయ పైకెత్తి ఉంది. నేను కిటికీలోంచి చూసి, అయ్యో ఈవిడ ఏమంటారోనని పరుగెత్తాను.

ఆవిడ చెప్పులు విడిచి, అంతా చూసి, పీట మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. "ఓ పిల్లా, ఆయన మెట్రిక్ రెండుసార్లు తప్పిండు. ఆయనేం గట్టెక్కిస్తడు నిన్ను?" అన్నారు. తర్వాత, "పండ్లు పెట్టుకుంటె పెట్టుకో. కాయ మాత్రం కొట్టకు, సున్నం పెచ్చులూడుతది," అన్నారు. ఆ సున్నం ఆవిడ చేతులతో వేసిందే. ప్రతి నవంబరు మొదట్లో వాళ్లకి సమాధుల పండుగ. ముందురోజు ఆవిడ సున్నం నానబెట్టి, కుంచె పట్టుకుని, చుట్టూ నేల మీద కూడా కారేలా ధారాళంగా కొట్టేవారు. సాయంత్రం కొవ్వొత్తులు పెట్టేవారు.

మా అమ్మ పోయిన ఏడాది ఆ పండుగ రోజు నేను వంటగదిలోంచి బయటికి రాలేదు. మా వాళ్లు అమ్మని గోదావరి ఒడ్డున దహనం చేసి బూడిద నీళ్లలో కలిపేశారు. అదే మా పద్ధతి. అందులో తప్పేమీ లేదు. కానీ అమ్మని చూడాలనిపిస్తే ఎటు చూడాలో నాకు తెలిసేది కాదు. గోదావరి అంత పెద్దది, ఎక్కడని చూస్తాం? టీచరమ్మ కిటికీ దగ్గరికొచ్చి చువ్వల్లోంచి ఒక కొవ్వొత్తి అందించారు.

"మీ అమ్మకు సుత ఒకటి పెట్టు బిడ్డా, రా."

"సార్ సమాధి మీద మా అమ్మకి ఏంటండీ?" అన్నాను.

"ఏమైతది? ఆయన జర జరుగుతడు తియ్యి."

వెళ్లి పెట్టాను. ఆవిడ తన కొవ్వొత్తిని కొంచెం పక్కకి జరిపి నాదానికి చోటిచ్చారు. అప్పుడు ఏడ్చాను. అమ్మ పోయినప్పుడు కూడా అంతలా ఏడవలేదు. అప్పట్నుంచీ ప్రతి ఏడూ అక్కడ మా అమ్మకో కొవ్వొత్తి వెలిగేది.

సార్‌కి ఇవతలి పక్క, మనిషి పట్టేంత నేలని ఆవిడ ఖాళీగా ఉంచేవారు. నేను ఓసారి అక్కడ తోటకూర చల్లబోతే, "గది నా జాగా. ఇంకో దిక్కు వేసుకో," అన్నారు. అపార్ట్‌మెంట్ కడతామని బిల్డర్లు వచ్చినప్పుడల్లా టీచరమ్మ వాళ్లని పెరట్లోకి తీసుకెళ్లి సార్‌ని పరిచయం చేసేవారు. సగంమంది ఆ వారమే రావడం మానేసేవారు. ఒకాయన మాత్రం మొండివాడు. ఆయనే కబురు మోసుకొచ్చాడు. "టీచరమ్మగారూ, మీవారి సంగతి వేరండి, అప్పటి రోజులు వేరు. ఇప్పుడు సిటీ మధ్యలో ఇంటి ఆవరణలో పూడ్చడానికి ఒప్పుకోరండి. మీకు కుదరదు," అన్నాడు.

ఆవిడ నమ్మలేదు. మునిసిపల్ ఆఫీసుకి నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. అక్కడి ఆయన మర్యాదగానే చెప్పాడు. బిల్డర్ చెప్పింది నిజమే. ఇంటికొచ్చి పీట మీద కూర్చున్నారు. టీ ఇస్తే చల్లారిపోయింది. చివరికి, "నా ఇంట్ల నాకు జాగా లేదంట సార్," అన్నారు. ఆ గొంతు నేను మరిచిపోలేను. ఒకటో తరగతి పిల్లని గది బయట నిలబెడితే ఎలా ఉంటుందో అలా ఉంది.

ఆ వానాకాలమంతా ఆవిడ ఆలోచిస్తూనే ఉన్నారు. తర్వాత ఒక ఆదివారం, భోజనాల దగ్గర, కూతురూ నేనూ ఉండగా చెప్పారు. "నన్ను ఆయన దగ్గరికి పోనియ్యకుంటె, ఆయన్నే నేను పోయే కాడికి తీస్కపోత."

కూతురు కంచం వదిలేసి లేచింది. ఆ అమ్మాయి ఎర్రగడ్డలో ఉండేది, నర్సు. తండ్రి పోయినప్పుడు పలకా బలపం వయసు. "పండుకున్న నాయినను ఎందుకు లేపుతవే?" అని ఏడ్చింది.

"నేను పోయినంక గీ ఇల్లు నీదే. అమ్ముదమంటె నాయిన ఉన్నడంటవ్. ఉందమంటె, ఎర్రగడ్డ ఇడిచి నువ్వు రాలేవు. గంత బరువు నీ నెత్తిన పెట్టి పోతనా?" అన్నారు టీచరమ్మ. తర్వాత మెల్లగా, "ఇంక నాకు గాయన పక్కనే కావాలె బిడ్డా. గోడవతల వద్దు, ఊరవతల వద్దు, పక్కనే," అన్నారు.

అనుమతులు తేవడానికి పాస్టరుగారు తిరిగారు. స్మశానంలో చోటు ఎక్కడ కావాలని అడిగితే ఆవిడ, ప్రహరీగోడని ఆనుకుని ఉన్న మూల అడిగారు. చెట్టు కింద మంచి చోటుంది కదా అన్నా వినలేదు.

అనుమతి వచ్చాక ఒకరోజు పొద్దున సమాధి విప్పారు. నేను కిటికీ మూసుకుని లోపలే ఉందామనుకున్నాను. మా ఆయన, "నువ్వు వెళ్లకు, మైల," అన్నాడు కూడా. చినుకులు పడుతున్నాయి, ఆవిడ తల మీద చీరకొంగు తప్ప ఏమీ లేదు. గొడుగు పట్టుకుని వెళ్లి వెనకాల నిలబడ్డాను. పెద్దగా ఏమీ మిగల్లేదు. మట్టి రంగు తిరిగిన ఎముకలు, బెల్టు కొక్కెం. ఆవిడ ఉతికి ఇస్త్రీ చేసిన దుప్పటి పరిచి, ఒక్కొక్కటీ స్వయంగా తీసుకుని పెట్టెలో పెట్టుకున్నారు. చిన్న టేకు పెట్టె. "స్నానం చేస్తనంటవేమో, చేద్దువు గాని. ముందు టీ తాగు," అన్నారు నాతో. నేనాశ్చర్యపోయాను, ఆ ఉదయం కూడా ఆవిడ అందరికంటే ముందే లేచి టీ కాచారు.

పాస్టరుగారు, తవ్వేవాళ్లు ముందు వెళ్లారు. టీచరమ్మ, కూతురు, నేను ముగ్గురం ఆటో ఎక్కాం. పెట్టెని ఎవరికీ ఇవ్వలేదావిడ. గేటు దాటుతూ పెట్టె మూత మీద చెయ్యి వేసి, "సార్, కర్ఫ్యూ ఎత్తేసిండ్రు. పోదం పా," అన్నారు.

దారంతా ఆయనకి ఊరు చూపించారు. "గిది మన బడి సందు, గుర్తుపట్టరాదు ఇప్పుడు. గీడ ఇరానీ హోటలుండె గద, మీరు ఉస్మానియా బిస్కట్లు తెచ్చేటోరు, గిప్పుడు బట్టల దుకాణమైంది." పంజాగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్ ఆగిపోయింది. అద్దంలోంచి మమ్మల్నే చూస్తున్న ఆటో అతను ఉండబట్టలేక అడిగాడు. "అమ్మా, ఎవలతోని మాట్లాడుతున్నవ్? పెట్టెల ఏమున్నది?"

"మా ఆయన, బిడ్డా."

"సార్ సామానా?"

"సామాన్ కాదు. ఆయనే."

అతను మోగుతున్న రేడియో పాట ఆపేశాడు. అక్కణ్నుంచి స్మశానం దాకా గుంత కనిపిస్తే చాలు, ఆటోని నడిచే మనిషిలా నెమ్మది చేశాడు. దిగాక పెట్టె వైపు చెయ్యెత్తి సలాం చేశాడు.

స్మశానంలో గోతిని వెడల్పుగా తవ్వించారు టీచరమ్మ. పనివాళ్లు పెట్టెని నడిమధ్య దించబోయారు. "నడుమ వద్దు. గోడ దిక్కు పెట్టుండ్రి," అన్నారు. ఎందుకంటే, ఆయన ఎప్పుడూ గోడ దిక్కే పడుకునేవారట. ఇవతలి పక్క ఈవిడది. పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించాలి కదా, ఆయన్ని దాటుకుని రావడం ఎందుకని. పాస్టరుగారు చిన్నగా నవ్వి, "ఇంక పొయ్యి ఎక్కడిదమ్మా?" అన్నారు.

"మీరే చెప్తరు గద అయ్యగారూ, కడబూర ఊదితే సమాధులల్లకెల్లి అందరం లేస్తమని. గా పొద్దు సుత ముందుగాల నేనే లేవాలె. ఆయనకు టీ తాగంది కండ్లు తెరుసుకోవు."

పెట్టెని గోడ దిక్కుకి జరిపారు.

సమాధి తీసేశారు కదా, ఇక ఇల్లు అమ్మేస్తారని గల్లీ అంతా అనుకుంది. మొండి బిల్డర్ స్వీటు డబ్బా తెచ్చాడు. స్వీట్లు ముందు గది పిల్లలకి పంచి, "నేనున్నంత కాలం నేనుంట," అని పంపేశారు ఆవిడ. గొయ్యి పూడ్చినా, ఏళ్ల తరబడి కారిన సున్నంతో చుట్టూ నేల మీద తెల్లటి గీత ఉండిపోయింది. ఎన్ని వానలు పడ్డా పోలేదు. పొద్దున్నే ఆ గీత ఇవతల పీట వేసుకుని కూర్చునేవారు. ఇప్పుడిక్కడ ఎవరూ లేరు కదండీ అని ఒకసారి అన్నాను. "ఎరుకే. కూసునే అలవాటు నాది గద, ఆయనది గాదు," అన్నారు.

మేం ఎర్రమంజిల్ మారాక కూడా నవంబర్లో వెళ్లేదాన్ని. స్మశానానికి ఆవిడతో వెళ్లి సార్‌కి, తిరిగొచ్చి ఆ తెల్లగీత మీద మా అమ్మకి కొవ్వొత్తి పెట్టేవాళ్లం. "మీ అమ్మకు గీ జాగా అలవాటైంది, మళ్ల ఆమెను తిప్పకు," అనేవారు. కిందటిసారి వెళ్లేసరికి విమానాశ్రయం ఊరి బయటికి వెళ్లిపోయింది. పెంకుల మీద చప్పుడు లేదు. టీచరమ్మ ఊరికే, వంకాయలు కోస్తూ కోస్తూ ఆగి, పైకి చూశారు. అదే ఆవిడని ఆఖరిసారి చూడడం.

భూస్థాపన రోజు నేనూ, కూతురూ అందరికంటే ముందే స్మశానం చేరాం. పాస్టరుగారు కొత్తాయన, తవ్వేవాళ్లూ కొత్తవాళ్లే. మట్టి కుంగిపోయి నేల అంతా ఒకటే సమంగా ఉంది. మేస్త్రీ గడ్డపార నడిమధ్య పెట్టి, "పాత పెట్టె తగిలితే తీసి కాళ్ల కాడ పెడతం. అందరికీ గట్లనే చేస్తం," అన్నాడు. కూతురు అతని ముందుకెళ్లి నిలబడింది. "మా నాయినను కదిలించొద్దు. గోడ దిక్కు ముట్టొద్దు. ఈ దిక్కే తవ్వు," అంది. చెప్పింది కానీ ఇద్దరికీ లోపల అనుమానమే. ఏళ్లు గడిచాయి, వానలు పడ్డాయి, మాకే తప్పు గుర్తేమో. చాలా లోతుకి వెళ్లాక ఒకతను చేత్తో మట్టి తోసి చూసి, పైకి తలెత్తాడు. "ఉన్నదమ్మా. గోడ దిక్కే ఉన్నది పెట్టె. కదల్లే."

శవపేటిక దించారు. సరిగ్గా పట్టింది. ఇద్దరూ పక్కపక్కన. అందరూ తలా పిడికెడు మట్టి వేస్తున్నప్పుడు, కూతురు వంగి గోతిలోకి చూసి మేస్త్రీని అడిగింది.

"అన్నా, అమ్మకు లేవనీకె ఏం అడ్డం లేదు గద?"

అతనికి ఏం అర్థమైందో నాకు తెలియదు. ఎగతాళి చేయలేదు. గోతి అంచు పట్టుకుని లోపలికి తొంగి చూశాడు. "లేదమ్మా. ఈ దిక్కు అంత ఖాళీనే ఉన్నది," అన్నాడు.

సాయంత్రం ఇద్దరం అమీర్‌పేట ఇంటికి వెళ్లాం. వచ్చే నెల ఇల్లు బిల్డర్‌కి ఇచ్చేస్తున్నట్టు కూతురు చెప్పింది. చెప్పి నా మొహం వంక చూసింది. మంచిదే చేస్తున్నావు, అమ్మ కోరుకున్నదీ అదే అన్నాను. సెల్లార్ కోసం పెరడంతా లోతుగా తవ్వేస్తారు. జామచెట్టు ఉండదు, తెల్లగీతా ఉండదు. టీచరమ్మకి సార్ దొరికారు. మా అమ్మకి మాత్రం మళ్లీ చోటు లేదు. ఆవిడ ఉంటే దీనికీ ఏదో ఒకటి చెప్పేవారు. ఎంత వెతుక్కున్నా అదేమిటో నాకు తట్టలేదు. ఆ గొంతు వినాలని ఉంది. ఇంకొక్కసారి, కిటికీ చువ్వల్లోంచి.

పీట బయటే ఉంది, వానకి తడిసి. తుడిచి లోపల పెట్టాను. సంచిలో రెండు కొవ్వొత్తులున్నాయి. అమ్మది వెలిగించి, ఎప్పటిలాగే ఆ గీత మీద నిలబెట్టాను. రెండోది వెలిగించాక, అమ్మని కొంచెం గోడవైపు జరిపి, ఇవతలి పక్కన టీచరమ్మని పెట్టాను.